అక్కా అనక్కర్లేని భాష

పిల్లలకు నేను ఇంగ్లీషు మాటలు జతలు జతలుగా చెబుతాను. 'గెట్' పక్కన 'రిసీవ్'. 'టెల్' పక్కన 'ఇన్‌ఫార్మ్'. 'నీడ్' పక్కన 'రిక్వైర్'. అర్థం రెండింటికీ ఒకటే కదా మేడమ్, ఇక రెండెందుకు అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఒకటి ఇంట్లో కట్టుకునే చీర, ఇంకొకటి పెళ్ళికి కట్టుకునే చీర అంటాను. పట్టుచీర కట్టుకుని అంట్లు తోమితే ఎట్లా ఉంటుంది, నైటీ మీద పోయి కలెక్టరు ముందు నిలబడితే ఎట్లా ఉంటుంది, మాటలూ అంతే అంటాను. నవ్వుతారు. నవ్వినవి గుర్తుంటాయి. 'ఓకే' అన్న మాట పరీక్ష పేపర్లో కనపడిందంటే మాత్రం ఎర్ర సిరాతో కొట్టేసి మార్కు కోస్తాను. అది ఇంట్లో వాళ్ళతో అనుకునే మాట, ఆఫీసుల్లో 'నోటెడ్' అని రాస్తారు అని బోర్డు మీద రాసి మరీ చెబుతాను.

నేను చెప్పేది నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. పెళ్ళి చేసుకోలేదు. ముందు కుదరలేదు, తర్వాత నేనే వద్దన్నాను, ఆ గోల ఇక్కడెందుకు. మేడ మీద పోర్షన్‌లో ఒక్కదాన్నే అద్దెకుంటాను. కింద ఇంటివాళ్ళుంటారు, ముస్లిం కుటుంబం. ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆమె వంటింటి కిటికీలోంచే వీధి మొత్తాన్ని నడిపిస్తుంది. నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. పగలంతా గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడి వస్తాను. తాళం తీసి లోపలికి అడుగుపెట్టానంటే ఇక మాట్లాడే పని ఉండదు. కుక్కరు కూత వేస్తేనే ఇంట్లో ఏదో పలికినట్టు. సాయంత్రాలు అట్లాగే గడిచిపోతాయి, అలవాటైపోయింది అని అందరితో చెబుతాను కానీ, అలవాటు కాలేదు.

నాకు ఒక్కడే తమ్ముడు. సాగర్ డ్యామ్ దగ్గర విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తాడు. మా ఊరు రొంపిచెర్ల పక్కన. అమ్మానాన్నా పోయాక అక్కడి పొలం, నా వాటాతో సహా, వాడే చూస్తున్నాడు. పంట ఇంటికొచ్చినప్పుడల్లా ఒక బస్తా బియ్యం, ఒక సంచి ఎండు మిరపకాయలు ఆటోలో వేసుకుని తనే వచ్చేవాడు. బస్తా భుజానికెత్తుకుని మెట్లెక్కి, వంటింట్లో దబ్బున పడేసి, "అక్కా, పురుగు పట్టకముందే తినవే" అనేవాడు. ఒక్కదాన్ని బస్తా బియ్యం ఎప్పటికి తింటానురా అని నేను తిట్టేదాన్ని. టీ తాగేవాడు. నా టీవీ రిమోటు తీసుకుని, నేను చూసేది మార్చేసి, కాసేపు కునుకు తీసి పోయేవాడు. అదంతా పంచాయతీ ఎన్నికలకు ముందు సంగతి.

మా వైపు ఊళ్ళలో ఎన్నికలప్పుడు మనిషి ఎవరికి ఓటేశాడని ఎవరూ అడగరు. ఎవరింట్లో అన్నం తిన్నాడని చూస్తారు. ఆ ఏడు సర్పంచికి వాడి బావమరిది నిలబడ్డాడు. ఓటెయ్యటానికి నేను పొద్దున్నే బస్సులో వెళ్ళాను. లైన్లో ఎండకు నిలబడి, ఓటేసి బయటికొచ్చేసరికి కళ్ళు తిరిగాయి. స్కూలుకు ఎదురుగానే నాతో పదో తరగతి దాకా చదువుకున్న ఆవిడ ఇల్లు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి పప్పు, దోసకాయ పచ్చడి వేసి అన్నం పెట్టింది. ఆకలేసింది, తిన్నాను. వాళ్ళు అవతలి పార్టీ అని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం ఆవిడ నా పక్క బెంచీలో కూర్చోలేదా? నేను చెయ్యి కడుక్కునే లోపే ఊరంతా పాకింది, సొంత అక్కే అవతలోళ్ళ ఇంట్లో భోంచేసిందని. సాయంత్రానికి బావమరిది ఓడిపోయాడు. బస్సు కోసం నిలబడి ఉంటే నా తమ్ముడు వచ్చి, నలుగురూ వింటుండగా, "ఎవరింట్లో తిన్నావో ఆళ్ళింట్లోనే ఉండు" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. నేను ఓటేసింది వాడి బావమరిదికే. ఆ సంగతి వాడికి తెలియదు. నేను చెప్పలేదు. అడిగితే కదా చెప్పటం? సొంత అక్కను అడక్కుండా ఊరి మాట విన్నవాడికి నేను సంజాయిషీ చెప్పుకోవాలా? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అయినా ఆ పంటకు బియ్యం వచ్చాయి. మనిషి రాలేదు. ఫోన్‌కు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. 'రైస్ బ్యాగ్ డిస్పాచ్డ్ త్రూ బస్. కైండ్లీ కలెక్ట్.' బస్సు మీద వేయించాను, దించుకో అని. నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య అంతకుముందు ఎప్పుడూ ఇంగ్లీషు లేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు, 'అక్కా వస్తున్నా టీ పెట్టు' అని. ఇప్పుడు 'సెంట్' అని కూడా కాదు, 'డిస్పాచ్డ్' అట. సిమెంటు బస్తాలు గోడౌనుకు పంపించినట్టు.

నాకు సంగతి అర్థమైంది. తెలుగులో రాయాలంటే మొదట అక్కా అనాలి. అంటే వాడు మెట్టు దిగినట్టే, ఊళ్ళో బావమరిది ముందు తలెత్తుకోలేడు. అనకుండా ఉత్తగా 'బియ్యం పంపాను' అని రాస్తే అది మొహం మీద కొట్టినట్టు, అంతదాకా పోవటానికి వాడికి మనసొప్పలేదు. ఇంగ్లీషులో ఆ బాధ లేదు. అందరికీ ఒకటే 'యూ'. అక్కకూ అదే, ఆఫీసరుకూ అదే. నాకైనా అంతే కదా. తెలుగులో జవాబిస్తే చివర 'రా' అని రాయాలి. ఇన్నాళ్ళూ రా అనకుండా వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ఇంగ్లీషులోకే దూరాను.

'గాట్ ఇట్' అని కొట్టాను. అది ఇంటి మాట. చెరిపేశాను. 'రిసీవ్డ్' అని కొట్టాను. ఇంకా కసి తీరక 'విత్ థ్యాంక్స్' అని కలిపాను. తమ్ముడికి థ్యాంక్స్ చెప్పటం కన్నా పెద్ద తిట్టు మా ఇళ్ళలో లేదు. వాడికి తగిలే ఉంటుంది, ఎందుకంటే మరుసటి పంటకు మిరపకాయల సంగతి చెబుతూ 'దిస్ ఈజ్ టు ఇన్‌ఫార్మ్ యూ' అని మొదలుపెట్టాడు. నేను 'ఇన్ఫర్మేషన్ అక్నాలెడ్జ్డ్' అన్నాను. వాడు 'నోటెడ్' అన్నాడు. చూశారా, పిల్లలకు నేను చెప్పే జతల్లో ఒక పక్కవన్నీ మేమిద్దరం వాడేసుకున్నాం. ఇంకో పక్కవి ముట్టుకోలేదు. నాకు పండగ చీరలు తప్ప బీరువాలో ఏమీ మిగలనట్టయింది.

వాడికి ఇంగ్లీషు నేర్పింది నేనే, అదొకటి. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి ఈతకు పోతే, వాడి తరఫున జ్వరమొచ్చినట్టు లీవ్ లెటర్ చెప్పి రాయించేదాన్ని. అందులో 'కైండ్లీ' ఎక్కడ పెట్టాలో చూపిస్తే, ఆ మాట ఎందుకే అక్కా అన్నాడు. ఎదుటివాళ్ళకు మన మీద జాలి కలగాలంటే అది పెట్టాలిరా అన్నాను. అప్పటి నుంచి వాడి ఇంగ్లీషులో కైండ్లీ లేని వాక్యం లేదు.

బియ్యం మాత్రం తగ్గించలేదు. అదే బస్తా. నాతో గొడవపడ్డా నేను తినే అన్నంతో గొడవపడలేదు. సగం కింద వదినకు ఇస్తాను. మిగతా సగానికి ఎండాకాలం రాగానే పురుగు పడుతుంది. ఆదివారాలు మేడ మీద పాత చీర పరిచి, బియ్యం ఎండబోసి, పురుగులు పాకిపోతుంటే చూస్తూ కూర్చుంటాను. ఆ చీర పక్కన వాడుంటే నన్ను ఎంత ఏడిపించేవాడో అనుకుంటాను. చెప్పానుగా, తినవే అని చెప్పానుగా అనేవాడు. ఆదివారాలు నాకు చానా బరువు.

పోయిన ఏడు కడుపులో నొప్పి మొదలైంది. స్కానింగ్ తీస్తే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళన్నారు. తీసెయ్యాలి, చిన్న ఆపరేషనే, మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చు అన్నారు. నాకు భయం వెయ్యలేదు. భయం కౌంటర్ దగ్గర వేసింది. అక్కడ కూర్చున్న అమ్మాయి తల కూడా ఎత్తకుండా, "మీతో ఎవరొచ్చారు మేడమ్?" అంది. ఎవరూ రాలేదన్నాను. ఆపరేషన్ రోజు సంతకానికి బ్లడ్ రిలేషన్ ఎవరైనా ఉండాలి, రాత్రికి తోడూ ఉండాలి అంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు నా వైపు చూశారు. ఒక ముసలావిడకు ఇద్దరు కొడుకులు, ఒక కోడలు. నేను సంచి తీసుకుని, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికొచ్చేశాను.

కింద వదినకు చెబితే తోడు నేనుంటాలే అంది. సంతకం సంగతి చెప్పి, తమ్ముడికి మెసేజ్ పెట్టాలి, ఎట్లా పెట్టాలో తెలియటం లేదు అన్నాను. ఆవిడ చేతిలో పిండి ముద్ద ఉంది. అట్లాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"మీ తమ్ముడితో మాట్టాడ్డానికి మద్దెలో ఇంగ్లీషెందుకు టీచరమ్మా? ఒరేయ్ రారా అంటే రాడా ఏంది?"

ఆవిడకేం, అనేస్తుంది. నేను మేడెక్కి కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాను. మొదట 'ఐ యామ్ టు అండర్గో సర్జరీ. యువర్ ప్రెజెన్స్ ఈజ్ రిక్వైర్డ్' అని కొట్టాను. చదివితే తాసీల్దారు నోటీసులా ఉంది, వాడికి నిజంగానే చెమట్లు పడతాయి. సర్జరీ అంటే ఏదో పెద్దదనుకుంటాడని దాన్ని 'ఆపరేషన్' చేశాను. ఆపరేషన్ అంటే ఊళ్ళో వాళ్ళు ఏడుస్తారు, 'ప్రొసీజర్' అన్నాను. ప్రొసీజర్ అంటే వాడు ఏదో కాగితాల పని అనుకుని రాకపోవచ్చు. మళ్ళీ ఆపరేషన్. 'ప్లీజ్ కమ్' అని ఉత్తగా రెండు మాటలు కొట్టి చూశాను. ప్లీజ్ అంటే అడుక్కోవటమే కదా. అన్నం తిన్నందుకు వెలివేసినవాణ్ణి నేను అడుక్కోవాలా?

'ఐ నీడ్ యూ' అని ఒకటుంది. క్లాసులో నీడ్‌కీ రిక్వైర్‌కీ తేడా చెప్పేటప్పుడు, అవసరం మనసుదైతే నీడ్, కాగితానిదైతే రిక్వైర్ అంటాను. ఎంత తేలిగ్గా చెప్పేస్తానో. ఆ మూడు మాటలు తెర మీద కనపడుతుంటే నాకే సిగ్గేసి, ఎవరో చూస్తున్నట్టు చుట్టూ చూశాను. గదిలో ఎవరున్నారు చూడటానికి? చెరిపేశాను. చివరికి అవసరాన్ని నా మీద నుంచి తీసి ఆసుపత్రి మీద పెట్టాను. 'హాస్పిటల్ రిక్వైర్స్ వన్ బ్లడ్ రిలేటివ్ ఫర్ సిగ్నేచర్ ఆన్ మండే మార్నింగ్. కైండ్లీ అటెండ్.' ఆసుపత్రికి కావాలట ఒక రక్తసంబంధీకుడు. నాకు కాదు. కింద ఆసుపత్రి పేరు, ఆపరేషన్ అన్న ఒక్క ముక్క చేర్చి, పంపించి ఫోన్ బోర్లా పెట్టాను.

కాసేపటికి మోగింది. 'నోటెడ్.'

వస్తాడా రాడా? ఏ ఆపరేషను, ఎందుకు, ఎట్లా ఉంది, ఒక్క ముక్క లేదు. ఫైలు మీద చిన్న సంతకం గీకి పక్కన పడేసినట్టు ఆ ఒక్క మాట. శనివారమంతా కాలేజీలో ఏం చెప్పానో తెలియదు. ఆదివారం బియ్యం ఎండబోయలేదు. దేనికైనా సిద్ధంగా ఉందామని, వాడు రాకపోతే ఆ కౌంటర్ అమ్మాయితో ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. తమ్ముడు ఊళ్ళో లేడు అందామా, తమ్ముడే లేడు అందామా? రెండోది అనేసరికి ఏడుపొచ్చేసింది. అద్దం ముందే కూర్చుని గట్టిగా ఏడ్చాను. నాకెవరూ లేరు అని అప్పటిదాకా కోపంలో అనుకున్నదే కానీ, నిజంగా అనుకోలేదు.

సోమవారం వదినా నేనూ ఆటో దిగేసరికి వాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సాగర్ నుంచి అంత పొద్దున్నే రావాలంటే చీకట్లోనే బస్సెక్కి ఉంటాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి లేచాడు. నా చేతిలో సంచి తీసుకున్నాడు. నేను ఒక అడుగు ముందు, వాడు ఒక అడుగు వెనక. చూపించినచోట సంతకం పెట్టాడు. తెలుగులో మాట్లాడుకున్నాం కానీ, అది కూడా ఇంగ్లీషు లాంటి తెలుగే. "టిఫిన్ చెయ్యొద్దన్నారా?" అన్నాడు. అన్నారన్నాను. "ఎన్నింటికంట?" అన్నాడు. పదింటికంట అన్నాను. పిలుపు లేకుండా ఎంతసేపైనా మాట్లాడొచ్చని అప్పుడే తెలిసింది. లోపలికి తీసుకెళ్తుంటే వెనక్కి తిరిగి చూశాను. గోడకున్న ఏదో పోస్టర్ చదువుతున్నాడు.

మెలకువ వచ్చేసరికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చలి. కళ్ళు తెరవలేకపోతున్నాను, మాటలు మాత్రం వినపడుతున్నాయి. ఎవరో ఇంకొక దుప్పటి కప్పి, పాదాల కింద దోపారు. తర్వాత వాడి గొంతు, నర్సుతో అంటున్నాడు.

"అమ్మా, ఆ ఫ్యానాపు. మా అక్కకి చలెక్కువ."

నాకు చలెక్కువే. ఎండాకాలం కూడా దుప్పటి కప్పుకుంటానని చిన్నప్పుడు ముసలమ్మా అని ఏడిపించేవాడు. ఫ్యాన్ ఆగిన చప్పుడు వినపడింది. నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. కంటి చివర నుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతున్నాయి. నొప్పేమోనని నర్సును మళ్ళీ పిలిచాడు.

తర్వాత నేను కళ్ళు తెరిచాక మళ్ళీ మామూలే. "నొప్పుందా?" "ఉంది." "సూదేస్తారంట." రాత్రికి వదిన ఉంది. వాడు బయట బల్ల మీద పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే డిశ్చార్జ్ చేశారు. ఆటోలో ఇంటికి తెచ్చి, మెట్ల దగ్గర మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి పురుగును చూశాడు. ఇప్పుడంటాడు అనుకున్నాను. మూత పెట్టేశాడు. టీ పెడతానని వదిన అంటే, మాచర్ల బస్సుకు టైమైందన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. వస్తాను అన్నాడు, నా వైపు కాదు, వదిన వైపు చూసి. మెట్లు దిగుతున్న చప్పుడు ఆఖరి మెట్టు దాకా విన్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. 'రీచ్డ్. కైండ్లీ టేక్ ఫుడ్ ఆన్ టైమ్.' కైండ్లీ. నేను రాయించిన మాటే. వదిన కలిపి పెట్టిన పెరుగన్నం అప్పుడే తిని, గిన్నె పక్కన పెట్టాను. జవాబివ్వాలి. 'అడ్వైస్ నోటెడ్' అందామా, 'షల్ కంప్లై' అందామా. ఎన్నేళ్ళ అలవాటో, వేళ్ళు వాటంతటవే అటు పోయాయి. కొట్టాను, చెరిపాను. నాకు ఒక్కసారిగా విసుగొచ్చింది. నా ఇంగ్లీషు మీద, వాడి బావమరిది మీద, ఆ సర్పంచి పదవి మీద, నా బెట్టు మీద. తెలుగులోకి మార్చి ఒక్క ముక్క కొట్టాను. 'తిన్నాన్రా.' ఆలోచించకుండా పంపేశాను.

రెండు నీలం గీతలు పడ్డాయి. చదివాడు. పైన 'టైపింగ్' అని వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. పోయింది. అంత దూరంలో, డ్యామ్ పక్కన ఏదో క్వార్టర్ అరుగు మీద కూర్చుని, వాడు కూడా మాటలు కొట్టి చెరుపుతున్నాడు. ఏ మాటలో నాకు తెలుసు. కొట్టేది ఏదో తెలుసు, చెరిపేది ఏదో తెలుసు. నేను దిండుకు ఆనుకుని, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉన్నాను. కింద వదిన ఎవరినో కేకలేస్తోంది. కుక్కరు ఆ పూట పెట్టలేదు కనుక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. అక్కా అని వస్తుందని ఆశపడలేదని అంటే అబద్ధం.

వచ్చింది. ఇంగ్లీషులోనే.

'ఓకే.'

నోటెడ్ అనలేదు. నా క్లాసులో పిల్లవాడెవడైనా రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని.